దేవుడు కాస్త గట్టిగా ఉంటే బాగుండేది

మా ప్రకాశం జిల్లా క్రైస్తవ సంఘాల్లో పెద్దమనుషులకు దేవుడి మీద లోలోపల గుర్రుగా ఉంది. పైకి ఎవరూ అనరు. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ అనుకునే మాటలు వింటే సంగతి తెలిసిపోతుంది. ఆయన పరిశుద్ధుడే, సర్వశక్తిమంతుడే, అందులో ఎవరికీ పేచీ లేదు. క్షమించే విషయంలోనే చేతికి ఎముక లేకుండా పోతోందని బాధ.

ఉదాహరణకు, పెళ్లాం పిల్లల్ని వదిలేసి ఒంగోల్లో ఇంకో కాపురం పెట్టినవాడు ఒక సంస్కారపు ఆదివారం, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, తిరిగొచ్చి వెనక గోడ పక్కన, చాప అంచున కూర్చుంటాడు. రొట్టె పళ్లెం వరస వెంట వస్తుంటుంది. అందరూ తలలు వంచుకునే ఉంటారు గానీ ఒక్కో కన్ను తెరిచే ఉంటుంది. వాడు తీసుకుంటే 'సిగ్గులేనోడు'. తీసుకోకపోతే 'చూశావా, ఇంకా మారుమనసు రాలేదు'. ఈ రెండూ కాకుండా వాడు చేయదగిన మూడో పని ఏమిటో సంఘ పెద్దలకే తెలియాలి. వాళ్లింకా తేల్చలేదు.

ఈ అలుసంతా బైబిల్లోని హోషేయ ప్రవక్త కాలం నాటిది. క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దం, ఉత్తర ఇశ్రాయేలు, రెండో యరొబాము పాలన. జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి, కాళ్లు బయలు అనే పరాయి దేవుడి గుళ్ల వైపు నడుస్తున్నాయి. దేవుడు హోషేయను పిలిచి, నమ్మకంగా ఉండని ఆడదాన్ని చేసుకోమన్నాడు. పెళ్లిచూపులకు వెళ్లేముందు మనమైతే చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో వాకబు చేస్తాం. ఇక్కడ వాకబంతా ముందే అయిపోయింది, ఫలితం తెలిసే సంబంధం కుదిర్చాడు! దిబ్లయీము కూతురు గోమెరు వచ్చింది, ముగ్గురు పిల్లలు పుట్టారు, ఆమె వెళ్లిపోయింది. వెళ్లినదాన్ని వెళ్లనివ్వకుండా, నన్ను వదిలి బయలు వెంట పోయిన ఇశ్రాయేలును నేను ప్రేమిస్తున్నట్టే నువ్వూ మళ్లీ పోయి ప్రేమించు అన్నాడు దేవుడు. హోషేయ 15 తులాల వెండి, దానికి తోడు యవలు (బార్లీ గింజలు) ఇచ్చి ఆమెను కొని తెచ్చుకున్నాడు. (ఆమె గోమెరేనని ఎక్కువమంది పండితుల మాట.) వెండి చాలక యవలు కలిపాడేమో, పాపం.

టంగుటూరులోనో కొండపిలోనో పొగాకు వేలం చూసినవాళ్లకు ఇది బొత్తిగా మింగుడుపడదు. కొనేవాళ్లు బేళ్ల వరస వెంట నడుస్తూ ఆకు పట్టి చూసి, రంగు లేదనో తేమ ఎక్కువనో మొహం తిప్పుకుంటే అది నోబిడ్. బేలు మళ్లీ బండెక్కి ఇంటికి రావాల్సిందే. ఆ నోబిడ్ బేలును, అదీ తన బ్యారన్‌లో (పొగాకు కాల్చే కొట్టంలో) క్యూరింగ్ చేసిన ఆకునే, సొంత డబ్బు పోసి మళ్లీ కొనుక్కున్న రైతును ఎవరైనా చూశారా? అతనికి బ్యాంకు అప్పిస్తుందా?

పోనీ దేవుడు తెలియక చేశాడా అంటే, కాదు. ఇశ్రాయేలునే ఎఫ్రాయిము అని పిలుస్తూ, ఎఫ్రాయిమూ, నిన్నెలా వదులుకునేది అని తల్లడిల్లిపోయి, ఆ వెంటనే నేను దేవుణ్ణి, మనిషిని కాను అని తేల్చేశాడు. అదే మేమూ అంటున్నాం. మనిషై ఉంటే మా బాధ అర్థమయ్యేది. తర్వాత యేసై మనిషిగా కూడా వచ్చాడు గానీ ఈ ఒక్క విషయంలో ఏమీ నేర్చుకోలేదు. మేకులు కొట్టినవాళ్లను అక్కడికక్కడే, వాళ్లు అడగకుండానే క్షమించమన్నాడు.

అయితే ఇంత ఇబ్బందికరమైన గ్రంథాన్ని మావాళ్లు చక్కగా వాడుకలోకి తెచ్చుకున్నారు. మొగుడు తప్పుదారి పట్టి, ఆడమనిషి ఏడుస్తూ పాస్టరు అయ్యగారి దగ్గరకు వస్తే ఆమెకు హోషేయను చదివి వినిపిస్తారు. సర్దుకుపోమ్మా, దేవుడి ప్రేమ అలాంటిది అంటారు. ఆ పుస్తకంలో దారి తప్పింది భార్య, డబ్బు మోసుకుని వెతుక్కుంటూ పోయింది భర్త అన్న చిన్న విషయం ఆ తొందరలో జారిపోతుంది. ఆడమనిషే తప్పుదారి పట్టిందనుకోండి, ఆ వారం ప్రసంగం హోషేయ మీద ఉండదు. కుటుంబ పరువు మీద ఉంటుంది. వెండీ యవలూ పట్టుకుని బయల్దేరిన మగాణ్ణి మా చుట్టుపక్కల నేనింతవరకు చూడలేదు.

అదే పుస్తకం నాలుగో అధ్యాయంలో ఇంకో మాట ఉంది. మీ కూతుళ్లనూ కోడళ్లనూ నేను శిక్షించను, మీ మగాళ్లే వేశ్యల వెంట పోతున్నారు కదా అంటాడు దేవుడు. ఆ అధ్యాయంలో యాజకులకు కూడా గట్టిగానే పడతాయి. టైం చాలకపోవడం వల్ల కాబోలు, ప్రసంగాల్లో ఆ అధ్యాయం దాకా ఎప్పుడూ రారు. మా మగ విశ్వాసులంతా ఆ కథలో తమను హోషేయ అనుకుంటూ వింటారు. గోమెరు ఎవరంటే పక్క వీధి వైపు చూస్తారు.

మా వర్గానికీ ఒక ప్రవక్త లేకపోలేదు. యోనా. నీనెవె మీదికి నాశనం వస్తుందని ప్రకటించి, ఊరి బయట పాక వేసుకుని ఏమవుతుందో చూద్దామని కూర్చుంటే, దేవుడు లక్షా ఇరవై వేలమందికి పైగా ఉన్న పట్నాన్ని వదిలేశాడు. నువ్విలాంటివాడివని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయాను అని మొహానే అడిగేశాడు యోనా. మగాడంటే అతను.

ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కూడా మొదట్లో కాస్త నయమే. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూలి కోసం సంఘంలో కలుస్తున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అక్కడితో ఆగితే మా పెద్దలు ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బోధకులు ఇద్దరిద్దరు చొప్పున దిగి ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చేశారు. ఆ మందిలో ఎక్కువమంది ఊరు బావి దగ్గరకు కూడా రానివ్వని మాదిగలు. ఆ రోజు ఒడ్డున మా ఇప్పటి కమిటీ కూర్చుని ఉంటే ప్రవర్తన సర్టిఫికెట్లు చూసేసరికే చీకటి పడేది. కాకపోతే అప్పుడు ఆ నీళ్లలో మునిగినవాళ్ల మునిమనవళ్లలో కొందరు ఇప్పుడు ఆ కమిటీలోనే ఉన్నారు.

కాబట్టి పెద్దల తరఫున దేవుడికి ఒక మనవి రాస్తున్నాం. యేసు చెప్పిన తప్పిపోయిన కొడుకు కథలో తండ్రిలాగా, తిరిగొచ్చినవాణ్ణి దూరం నుంచి చూడగానే పరిగెత్తి కౌగిలించుకోవడం తగ్గించుకోవాలి. కనీసం ఆరు నెలలు వెనక చాప మీద కూర్చోబెట్టాలి. కోడెదూడను కోసే ముందు పెద్దకొడుకు సంతకం తీసుకోవాలి. ఏడు డెబ్బైలసార్లు క్షమించమన్నదాన్ని ఏడుకు కుదించాలి, అవి కూడా దశమభాగం (రాబడిలో సంఘానికిచ్చే పదోవంతు) బాకీ లేనివాళ్లకే. ఈ సవరణలన్నీ వచ్చే ఆదివారం నుంచి, కొత్తగా తప్పు చేసేవాళ్లకు వర్తించేలా అమలు చేయాలి. కమిటీ సభ్యులవీ, వాళ్ల కొడుకులవీ పాత కేసులు మాత్రం తిరగదోడవద్దని ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాం.