గులాబీ చొక్కాల దండయాత్ర

కేన్సర్ విశాఖపట్నం విడిచి పారిపోయిందన్న శుభవార్త ఇంకా చేరనివారు నా ద్వారా తెలుసుకోండి. మొన్న ఆదివారం తెల్లవారగానే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర కొన్ని వందల మంది గులాబీ రంగు టీషర్టులు తొడుక్కుని దాని వెంటపడ్డారు. కురుసుర జలాంతర్గామి దాకా తరిమారు. అక్కడ అది సముద్రంలో దూకేసి ఉండాలి. ఎందుకంటే అందరూ అక్కడే ఆగి అరటిపండ్లు తిన్నారు.

ఈ యుద్ధాలకు ఒక ఋతువుంది. అక్టోబరంతా రొమ్ము కేన్సర్ నెల. నవంబరు 7 జాతీయ కేన్సర్ అవగాహన దినం. ఫిబ్రవరి 4 ప్రపంచ కేన్సర్ దినం. సరిగ్గా బీచ్ రోడ్డు మీద చల్లగాలి వీచే నెలల్లోనే వ్యాధి విజృంభిస్తుందన్నమాట. మే నెల ఎండల్లో గులాబీ టీషర్టు అవసరమయ్యేంత కేన్సర్ ఉన్నట్లు నిర్వాహకులెవరూ గుర్తించలేదు.

జెండా ఊపే ఘట్టం దగ్గర కాసేపు ఆగక తప్పదు. మొత్తం కార్యక్రమంలో అత్యంత క్లిష్టమైన చికిత్స అదే. జెండా ఒకటి, ముఖ్య అతిథులు ముగ్గురు. కర్ర రెండడుగులు. మొదటివారు కర్ర అడుగున పట్టుకున్నారు, రెండోవారు నడుమ పట్టుకున్నారు, మూడోవారికి గుడ్డ అంచు మిగిలింది. గుడ్డ పట్టుకుంటే జెండా ఊగదు, వదిలేస్తే ఫొటోలో చెయ్యి పడదు. దీనిమీద వేదికపై సుదీర్ఘ సంప్రదింపులు జరిగాయి. ఈలోగా జుంబా నేర్పే కుర్రవాడు జనాన్ని ఎగిరించి ఎగిరించి అలసిపోయాడు. గాలిలోకి వదలవలసిన బుడగల గుత్తి తనంతట తానే వెళ్లిపోయింది. డ్రోను ఒకటి ముఖ్య అతిథి జుట్టును చెదరగొట్టి, ఆయన సహాయకుడి చేత మందలింపు పొందింది. నాలుగో ఊపుకు ముగ్గురి ముఖాలూ పడ్డాయని ఫొటోగ్రాఫరు తలాడించేసరికి, నడవవలసినవారిలో సగం మంది నడిచి తిరిగి వచ్చేశారు.

ఈ నడక దేనికని నా పక్కనున్న పెద్దమనిషిని అడిగాను. పోయిన వారం హెల్మెట్ల కోసం నడిచానని, అంతకు ముందు వారం మధుమేహం కోసమని, ఈసారి రంగును బట్టి చూస్తే కేన్సరే అయి ఉండాలని చెప్పారు.

అంతలో టీషర్టులు పంచే బల్ల దగ్గరకు ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో స్కానింగు రిపోర్టుల సంచి.

“అమ్మా, ఇక్కడ కేన్సర్ వాళ్లకు ఏదో చేస్తున్నారని చెప్పారు. మా ఇంటిదానికి కరెంటు పెట్టాలన్నారు. రెండు నెలల తర్వాత రమ్మని తారీఖు రాసిచ్చారు. మీరు కొంచెం ముందుకు జరిపించగలరా తల్లీ?”

ఆ పిల్ల జాబితాలోంచి తలెత్తకుండా, “సైజు ఎంతండీ?” అంది.

“నాలుగు సెంటీమీటర్లని రాశారమ్మా.”

ఆమె పెట్టెలో వెతికింది. ఎక్స్ఎల్ మాత్రమే మిగిలిందని చెప్పి అదే ఇచ్చింది.

ఆ పిల్లను ఏమీ అనకండి. ఆమె దగ్గర ఉన్నవి టీషర్టులు, అవే ఇచ్చింది. కానీ ఆ మనిషికి అవగాహన ఏ పాటి తక్కువైందో ముఖ్య అతిథులలో ఎవరైనా చెప్పగలరా? గడ్డ ఎక్కడుందో తెలుసు, కొలత తెలుసు, ఏ చికిత్స కావాలో తెలుసు, తారీఖు కూడా కంఠతా వచ్చు. ఇంకెంత అవగాహన కల్పిస్తారు ఆయనకు?

కేన్సర్ వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో రేడియేషన్, అంటే ఆ ముసలాయన చెప్పిన కరెంటు, అవసరమవుతుంది. ఈ మాట ఏ టీషర్టు మీదా అచ్చువేయరు. నవంబరు 7 అనే తేదీ కూడా ఊరికే వచ్చింది కాదు, అది రేడియాన్ని కనుగొన్న మేరీ క్యూరీ పుట్టినరోజు. 1914లో యుద్ధం మొదలైతే ఆవిడ మోటారు బండ్లలో ఎక్స్‌రే యంత్రాలు అమర్చి, స్వయంగా నడుపుకుంటూ గాయపడ్డ సైనికుల దగ్గరకే తీసుకెళ్లింది. యంత్రం రోగి దగ్గరకు వెళ్లింది. ఆ మహాతల్లి జయంతిని మనం అరటిపండ్లతో జరుపుకుంటున్నాం.

పంచిన కరపత్రంలో సిగరెట్టు బొమ్మ మీద ఎర్రగీత ఉంది. బాగుంది. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. ఆ వేడికి అంగుడిలో పుట్టే కేన్సర్ గురించి వైద్య గ్రంథాలే విశాఖ, శ్రీకాకుళం పేర్లు చెబుతాయి. ఆ మామ్మలకు ఈ సిగరెట్టు బొమ్మ వేరే ఎవరి సంగతో అనిపిస్తుంది. ఒకవేళ అర్థమై, నోట్లో పుండు చూపించుకోవడానికి వచ్చారే అనుకుందాం. వచ్చి ఎక్కడ నిలబడాలి? ముసలాయన వెనకే కదా!

జనం వైపు తిప్పిన మైకులో ఒక అతిథి కొత్త యంత్రాలు వస్తున్నాయని ప్రకటించారు. యంత్రం రావడమంటే ఏమిటో ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో. రిబ్బనుకు ఒక కత్తెర చాలు. రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రానికి రెండు మీటర్లకు అటూ ఇటూ మందమున్న కాంక్రీటు గోడల గది కావాలి, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు కావాలి, చల్లబరిచే ఏర్పాటు, నిలకడైన కరెంటు కావాలి, మోతాదు లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్టు, రోగిని మిల్లీమీటరు తేడా లేకుండా పడుకోబెట్టే టెక్నాలజిస్టు కావాలి. వీరిలో ఒక్కరు లేకపోయినా అది కొబ్బరికాయ కొట్టించుకున్న ఇనుము. పాత కోబాల్ట్ యంత్రమైతే ఇంకో చిక్కు: అందులోని కోబాల్ట్ ఇచ్చే రేడియేషన్ 5.27 ఏళ్లకు సగానికి పడిపోతుంది. ఆ కోబాల్ట్ మార్చే ఫైలు బల్లలు మారుతున్నంత కాలమూ రోగి బల్ల మీద పడుకునే సమయం పెరుగుతూ పోతుంది. క్యూ కూడా. ప్రభుత్వ ఫైలు కన్నా ముందుగా కరిగిపోయే లోహం అది.

పది లక్షల జనాభాకు కనీసం ఒక యంత్రం ఉండాలంటారు. దేశం మొత్తం మీద మనం ఆ కనీసానికి ఎన్నడో చేరవలసింది. ఉన్నవి పెద్ద నగరాల చుట్టూ పోగుపడ్డాయి. విశాఖ శివారు అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి రావడం మన అదృష్టమే. కానీ అదృష్టం హైవే పక్కన ఉంది, జబ్బు కొండ మీద ఉంది.

పాడేరు అవతల గూడెం నుంచి వచ్చే ఒక ఆడమనిషిని తలుచుకోండి. గర్భాశయ ముఖద్వార కేన్సర్. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు బయటి నుంచి రేడియేషన్, ఆపైన లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ. అంతా ఎనిమిది వారాల్లో పూర్తికావాలి, ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. రోజూ యంత్రం కింద ఉండేది కొద్ది నిమిషాలు. దానికోసం ఘాట్ రోడ్డు దిగి వంద కిలోమీటర్లకు పైగా రావాలి. రోజూ వచ్చి వెళ్లే దూరమా అది? మొగుడు కాఫీ పండ్లు కోసే కూలి వదులుకుని కూడా రావాలి. పథకం కార్డు చికిత్సకు చెల్లుతుంది, లాడ్జి వాడు కార్డు తీసుకోడు. మూడో వారంలో తలుపు మీద “మెషీను రిపేరులో ఉంది” అని కాగితం అంటిస్తారు. గది అద్దెకు రిపేరు ఉండదు. చేతిలో డబ్బు అయిపోయాక ఆమె కొండెక్కేస్తుంది. కేసు షీటులో ఏమని రాస్తారో తెలుసా? “చికిత్స మధ్యలో మానేసిన రోగి.” సిగ్గుండాలి ఆ రాత రాయడానికి! యంత్రం ఆగినన్నాళ్లూ ఆ గడిలో యంత్రం పేరు ఎవరూ రాయలేదు, రిపేరుకు సంతకం పెట్టనివాడి పేరు ఎవరూ రాయలేదు. చికిత్స నాలుగు వారాలు వెనకబడితేనే మరణాలు పెరుగుతాయని 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది. రెండు నెలల తారీఖు రాసిచ్చేటప్పుడు ఆ సంగతి ఎవరికి తెలియదు?

ఎముకలకు పాకిన కేన్సర్ నొప్పికి చాలామందికి రేడియేషన్ ఒక్క సిట్టింగు చాలు. ఒక్కటే, ఎనిమిది గ్రేల (రేడియేషన్ కొలత) మోతాదు. ఆ ఒక్క పూట దొరక్క, పక్క మీద ఒత్తిగిలలేక అరుస్తూ చనిపోతున్న మనుషులున్నారు ఈ జిల్లాల్లో. వారి కోసం మనం బుడగలు ఊదాం.

చేయవలసింది రహస్యమేమీ కాదు. ఉన్న యంత్రాలను రెండు షిఫ్టులు నడపవచ్చు. ఖాళీ పోస్టులు నింపవచ్చు. రిపేరు ఒప్పందాన్ని యంత్రంతో పాటే కొనవచ్చు. రొమ్ము కేన్సర్‌లో చాలామందికి 25 సిట్టింగుల చోట 15 సరిపోతాయని ఎన్నడో తేలింది, ఆ పద్ధతి పాటిస్తే పేదవాడికి రెండు వారాల అద్దె మిగులుతుంది. ఆసుపత్రి పక్కన చాపలు పరిచిన ఒక సత్రం కట్టినా చాలు. ఇవేవీ ఫొటోలో గులాబీ రంగులో పడవు, అదే వచ్చిన చిక్కు.

కాబట్టి నిర్వాహకులకు నా మనవి. వచ్చే ఏడాది నడక పాడేరు బస్టాండు నుంచి పెట్టండి. అతిథులు ముగ్గురూ రావచ్చు, పొడవైన కర్ర నేనే తెస్తాను. వారానికి అయిదు రోజులు, ఆరు వారాలు. నోటి కేన్సర్ రోగులకు సంఘీభావంగా మూడో వారం నుంచి అరటిపండ్లు ఉండవు, గంజి మాత్రమే, అదీ గొంతు దిగితే. మధ్యలో బస్సు ఆగిపోతే మీ పేరు ఎదుట మానేసినట్లు రాస్తాం. రిజిస్ట్రేషన్ ఉచితం, టీషర్టు ఉచితం, అన్ని సైజులూ ఉన్నాయి. గది అద్దె ఎవరిది వారే చూసుకోవాలి.