లేన్లు పెరిగినా తగ్గని రద్దీ: టెక్సస్ డబ్బు ఎక్కడ ఇరుక్కుంది?

హ్యూస్టన్ పడమటి శివార్లలో ఉండే తెలుగువాళ్లలో చాలామందికి ఐ-10, అంటే కేటీ ఫ్రీవే, తప్పని దారి. దాదాపు 280 కోట్ల డాలర్లతో, పక్కనున్న పాత రైలు మార్గం స్థలాన్ని కూడా కలుపుకుని, 2008లో విస్తరణ ముగించారు. సర్వీసు రోడ్లతో లెక్కేస్తే కొన్నిచోట్ల 26 లేన్లు. అయినా 2011–2014 మధ్య ప్రయాణ సమయం ఉదయం సుమారు 30 శాతం, సాయంత్రం 55 శాతం పెరిగింది.

జనాభా పెరిగింది కదా అంటారు. నిజమే. కానీ రోడ్డు వెడల్పయ్యాకే దూరపు భూముల్లో ఇళ్లు కట్టడం మరింత గిట్టుబాటైంది. ఇదివరకు వేరే దారిలో, వేరే వేళల్లో వెళ్లినవాళ్లూ ఇటు మళ్లారు. ఫ్రీవే లేన్ గంటకు మోయగలిగేది రెండు వేల పైచిలుకు కార్లే. ఆ హద్దు దాటితే వేగంతో పాటు, గంటకు దాటే కార్ల సంఖ్య కూడా పడిపోతుంది. ర్యాంపుల దగ్గర ఎక్కేవాళ్లు ఎడమకు, దిగేవాళ్లు కుడికి ఒకేసారి జరుగుతారు. ముందు స్తంభించేది అక్కడే. ఎన్ని లేన్లున్నా ఆ కొన్ని వందల గజాలు దాటగలిగినన్ని కార్లే ముందుకెళ్తాయి.

అదే రోడ్డు నడిమధ్య ఒక్కోవైపు రెండేసి టోల్ లేన్లున్నాయి. రద్దీ వేళల్లో కారులో ఇద్దరుంటే ఉచితం, ఒంటరిగా వెళ్తే రుసుము ఎక్కువ. రద్దీని అదుపు చేసే సాధనం ఈ రోడ్డుపై అదొక్కటే. విచిత్రమేమిటంటే, 2014, 2015ల్లో ఓటర్లు ఆమోదించిన టెక్సస్ రాష్ట్ర రాజ్యాంగ సవరణలు రోడ్లకు కొత్తగా నిధులిచ్చాయి కానీ, టోల్ రోడ్లకు వాడొద్దన్నాయి. రైళ్లకూ దారి లేదు. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే పనికొస్తే ప్రతి సమస్యకూ అదే మందు. వెయ్యికి పైగా ఇళ్లు పోయే, హ్యూస్టన్‌లోని ఐ-45 ఫ్రీవే విస్తరణ పథకం కూడా ఈ కోవలోదే.

ఇక రాష్ట్ర పెట్రోలు పన్ను గ్యాలన్‌కు 20 సెంట్లు. 1991 నుంచి కదల్లేదు. దాని కొనుగోలు శక్తి సగానికి దిగువకు పడింది. గ్యాలన్‌కు 30 మైళ్లిచ్చే కారు ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే కట్టేది 80 డాలర్లు. అందులో పావు వంతు బడులకు పోగా రోడ్లకు దక్కేది 60. విద్యుత్ కారుకు మాత్రం 2023 నుంచి ఏటా 200 డాలర్ల రుసుము!

నిధుల షరతు మార్చాలంటే ఉభయసభల్లో మూడింట రెండొంతుల ఓట్లు, ఆపై ప్రజల ఆమోదం కావాలి. పన్నును ధరల సూచీకి ముడిపెట్టడానికి మామూలు చట్టం చాలు. మొదలుపెట్టాల్సింది అక్కడే.