కూడిక కుదిరితే చాలదు, సముద్రాన్ని కొలవాలి

మనం గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగో వంతు సముద్రమే మింగేస్తోందని వాతావరణ సదస్సుల్లో చెప్పని వక్త ఉండరు. ఏటా సుమారు 1,000 కోట్ల టన్నులు. నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామంటూ ప్రభుత్వాలు పెట్టుకున్న గడువులన్నీ ఈ అంకెను నమ్ముకున్నవే. కానీ ఆ అంకె ఒకటి కాదు, రెండు. కంప్యూటర్ మోడళ్లు చెప్పేది ఒకటి, ఓడలు కొలిచిన వివరాలతో గీసిన పటాలు చెప్పేది ఇంకొకటి. 2001-2018 మధ్య సముద్రం ఆకలి ఎంత పెరిగిందని అడిగితే, పటాలు మోడళ్లకు దాదాపు రెట్టింపు చూపిస్తున్నాయి.

ఏది తప్పు? మోడలే అసలు సముద్రమనుకుని, ఓడలు తిరిగిన దారుల్లో మాత్రమే అందులోంచి విలువలు తీసుకుని, మిగతాదంతా పూరించి చూశారు పరిశోధకులు. 2023లో వెలువడిన ఆ ఫలితాల్లో పెరుగుదల ఉన్నదానికంటే ఎక్కువగా తేలింది. కొలతలు పలచబడితే పటమూ అబద్ధమాడుతుందన్నమాట. అప్పుడు మోడల్‌ను దేనితో పోల్చి నిగ్గు తేలుస్తాం?

మన ఇంటి ముందరి సంగతే చూద్దాం. హిందూ మహాసముద్రంపై 2013లో ఒక అధ్యయనం వచ్చింది. దానికి నేతృత్వం వహించింది విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్త వి.వి.ఎస్.ఎస్. శర్మ. 1990-2009 కాలానికి ఈ సముద్రం ఏటా పీల్చుకున్నది మోడళ్లు, ఇతర గణన పద్ధతుల ప్రకారం 37 కోట్ల టన్నుల కార్బన్, పరిశీలనల ప్రకారం 24 కోట్లు. రెండో అంకెలో అనిశ్చితే 12 కోట్లు కాబట్టి రెండూ పొసిగాయనే తేల్చారు. అయితే అసలు కథ ఆ మొత్తంలో లేదు, ముక్కల్లో ఉంది. సోమాలియా, ఒమన్ తీరాల్లో నైరుతి గాలులకు అడుగునీరు పైకి ఉబికి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. మోడళ్లు దాన్ని తక్కువ చూపాయి. బంగాళాఖాతంలో గాలికీ నీటికీ మధ్య వాయువు మార్పిడిని ఎక్కువ చూపాయి. దక్షిణాన ఉపఉష్ణమండల జలాలు పీల్చుకునేదాన్ని మళ్లీ తక్కువ చేశాయి. లెక్కల్లో సున్నా, తెలుగులో నూరు తెచ్చుకున్న పిల్లవాడికి సగటున యాభై వచ్చిందని పాస్ చేయడం కాదా ఇది?

బంగాళాఖాతంలో ఎందుకు తప్పుతాయో ఊహించడం కష్టమేమీ కాదు. గోదావరి, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి తెచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద తేలికపాటి పొరలా పరచుకుంటుంది. కిందినీరు పైకి రాదు. వంద కిలోమీటర్లకో గడి చొప్పున సముద్రాన్ని కోసే మోడల్‌కు ఆ పొర సరిగ్గా చిక్కదు. చిక్కిందో లేదో తేల్చాలంటే నీళ్లలోకి దిగాల్సిందే. ఓడ అడుగు నుంచి నీటిని పంపుతో లాగి, మూసిన గదిలో జల్లులా చిమ్మి, అక్కడి గాలి నీటితో సమతుల్యానికి వచ్చాక పరారుణ కిరణాలతో వాయువును కొలుస్తారు. ఈ పనికి ఓపిక కావాలి, డీజిల్ కావాలి, పరికరాన్ని పదేపదే సరిచూసే మనిషి కావాలి. 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 90 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర 2013లో ఒక బోయాను, అంటే నీటిపై తేలుతూ కొలతలు తీసే పరికరాన్ని, లంగరు వేశారు. మంచిపనే. కానీ ఇంత పెద్ద అఖాతంలో అదొక చుక్క.

పరికరాలూ తప్పుతాయి కదా అంటారు. నిజమే. దక్షిణ మహాసముద్రంలో తేలే యంత్రాలు శీతకాలంలో భారీగా కార్బన్ బయటికి వస్తోందని 2018లో చెబితే, 2021లో విమానాల కొలతలు అంత లేదన్నాయి. ఆ యంత్రాలు నీటి ఆమ్లత్వాన్ని తెలిపే పీహెచ్‌ను బట్టి లెక్క కడతాయి. పీహెచ్‌లో 0.01 తేడా వస్తే ఫలితం రెండు శాతానికి పైగా మారిపోతుంది. అయినా ఆ పొరపాటును పట్టించింది మరో కొలతే తప్ప మరో మోడల్ కాదు. భవిష్యత్తు చెప్పాలంటే మోడళ్లు తప్పవు, అందుకే వాటికి పరీక్ష కూడా తప్పకూడదు.

జరుగుతున్నది మాత్రం తిరగబడింది. ప్రపంచవ్యాప్తంగా సముద్ర ఉపరితల కార్బన్ కొలతలను పోగుచేసే సోకాట్ భాండాగారంలోకి ఏటా చేరే వివరాలు 2017 నుంచి తగ్గుముఖం పట్టాయి. మన దేశం 2024లో వాతావరణ అంచనాల కోసం అర్క, అరుణిక సూపర్ కంప్యూటర్లకు 850 కోట్ల రూపాయలు పెట్టింది. పెట్టడం తప్పు కాదు. వాటికి తిండి పెట్టే కొలతలకు అదే ఉత్సాహం ఏది?

ఇది సముద్రానికే పరిమితమైన జబ్బు కాదు. 2021లో జరగాల్సిన జనగణన 2027కు వాయిదా పడింది. ఆహార భద్రత చట్టం కింద ఎందరికి రేషన్ ఇవ్వాలన్నది నేటికీ 2011 జనాభా లెక్కల మీదే నడుస్తోంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు పటాల్లో పూరించిన సముద్రం లాంటివాళ్లే, ఉన్నారని అంచనా వేస్తాం, లెక్కించం. తలలు లెక్కపెట్టడానికీ నీళ్లు కొలవడానికీ ఈ దేశంలో ఒకటే బద్ధకం.

విశాఖ, చెన్నై రేవుల నుంచి అండమాన్‌కు ఎలాగూ ఓడలు నడుస్తున్నాయి. వాటిలో కొన్నింటికి ఈ పరికరాలు బిగించి, కొలతలను అందరికీ అందుబాటులో పెట్టాలి. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు ఆ బాధ్యత, దానికి సరిపడా నిధులు ఇవ్వాలి. బంగాళాఖాతం గురించి ఏ మోడల్ ఏం చెప్పినా నమ్మాలో లేదో తేల్చుకునే ఆధారం అప్పుడు మన చేతుల్లో ఉంటుంది.