బియ్యం ఇస్తున్నాం, కాగితం ఇవ్వడం లేదు

పెళ్లి చీరల కోసం నెల్లూరు నుంచో తిరుపతి నుంచో చెన్నై టీ నగర్‌కు వచ్చే తెలుగువాళ్లు ఉత్తర ఉస్మాన్ రోడ్డులో రెప్కో బ్యాంకు బోర్డు చూసే ఉంటారు. ఆ పేరుకు అర్థమేంటని ఆగి అడిగినవాళ్లు తక్కువ. ఇరవై ఏళ్లుగా ఈ నగరంలో ఉంటున్న నేనూ చాలాకాలం అడగలేదు. ఆ పేరు ‘రీపాట్రియేట్స్’ అన్న మాటలోంచి వచ్చింది. అంటే పరాయి దేశం నుంచి తిరిగొచ్చిన మనవాళ్లు. బర్మా నుంచి, శ్రీలంక నుంచి కట్టుబట్టలతో ఓడ దిగినవాళ్లకు అప్పులిచ్చి నిలబెట్టడానికి 1969లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సహకార సంస్థ అది.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లో పాతతరం వాళ్లు రంగూన్‌ను ‘రంగం’ అనేవాళ్లు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దూసుకొచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచొచ్చారు. వేలాది మంది దారిలోనే పోయారు. 1962లో అక్కడ సైన్యం అధికారం గుంజుకుని, ఆ తర్వాత దుకాణాలు కూడా జాతీయం చేశాక రెండో విడత మొదలైంది. ఈసారి ఓడల్లో మద్రాసుకు, విశాఖకు వచ్చారు. అలా వచ్చినవాళ్లకు ప్రభుత్వం రాజభోగాలేమీ ఇవ్వలేదు. మీరు ఈ దేశస్థులేనని చెప్పే కాగితం ఒకటి చేతిలో పెట్టింది. ఆ కాగితం చూపిస్తే అప్పు పుట్టింది. బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారులో కొట్టు దొరికింది. పిల్లలు బడికి, ఆ పిల్లల పిల్లలు ఉద్యోగాలకు వెళ్లారు. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. క్యాంపు ఎప్పుడో పోయింది, పేరొక్కటే మిగిలింది.

చెన్నై సెంట్రల్ నుంచి లోకల్ ట్రైన్‌లో గంటన్నర ప్రయాణం చేస్తే గుమ్మిడిపూండి వస్తుంది. అక్కడా ఒక క్యాంపు ఉంది. 1983 జూలై అల్లర్ల తర్వాత, ఆ పైన పాతికేళ్లకు పైగా సాగిన యుద్ధంలో, సముద్రం దాటి వచ్చిన శ్రీలంక తమిళులది. 2021లో తమిళనాడు ప్రభుత్వం ఇలాంటి శరణార్థి శిబిరాలన్నిటికీ పునరావాస శిబిరాలని పేరు పెట్టింది. ఇక్కడ మారింది పేరు. క్యాంపు అలాగే ఉంది.

ఈ రెండు క్యాంపుల మధ్య తేడా అంతా కాగితంలోనే ఉందని నా వాదన. యుద్ధం వల్ల ఇల్లు వదిలినవాళ్లకు సాయం అనగానే మనకు బియ్యం మూటలు, దుప్పట్లు, పాత బట్టలు, మందుల పెట్టెలు గుర్తొస్తాయి. అవి కావాలి, మొదటి నెల అవి లేకపోతే మనుషులు చచ్చిపోతారు. కానీ రెండో ఏడాదికి, పదో ఏడాదికి, నలభయ్యో ఏడాదికి కూడా బియ్యమే ఇస్తూ, నువ్వెవరివో రాసిన కాగితం మాత్రం ఇవ్వకపోతే అది కడుపు నింపి కాళ్లు కట్టేయడమే.

పోయినేడు మా ఇంటికి పెయింటింగ్ చేయడానికి వచ్చిన కుర్రాడు గుమ్మిడిపూండి క్యాంపువాడు. ఈ క్యాంపుల్లో మగవాళ్లు ఎక్కువ మంది చేసేది పెయింటింగ్ పనే. ఆంధ్రా సరిహద్దు పక్కనే పెరిగాడు కాబట్టి తెలుగు బాగానే మాట్లాడతాడు. హాలు గోడలు ఒక్కసారి కలియజూసి, టేపు తీయకుండానే ఎన్ని లీటర్లు పడుతుందో చెప్పేశాడు. ఎలా చెప్పావంటే, సివిల్ డిప్లొమా చేశానన్నా అన్నాడు. మధ్యాహ్నం టిఫిన్ క్యారియర్ సంచిలోంచి పచ్చడి సీసాతో పాటు ఒక ప్లాస్టిక్ కవరు బయటికి వచ్చింది. లోపల శరణార్థి గుర్తింపు కార్డు, ఆధార్, మార్కుల జాబితా, అన్నిటికీ రెండేసి జిరాక్సులు. కార్డు లామినేషన్ అంచులు విచ్చుకుని లోపలికి తెల్లరంగు దిగింది. పనికి వెళ్లినచోటికల్లా ఎందుకు మోస్తున్నావని అడిగాను. ఎవరైనా ఆపి అడిగితే ఇంటికెళ్లి తెస్తానంటే వినరు కదన్నా అన్నాడు.

తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగానికి వెళ్లాడట. గుమ్మిడిపూండి నుంచి రైల్లో అరగంట. ఇంటర్వ్యూ అయింది, జీతం కూడా మాట్లాడుకున్నారు. చివర్లో ఫారం నింపుతుంటే జాతీయత అన్న గడి వచ్చింది. ఏం రాయాలో తెలియలేదు. శ్రీలంక అని రాశాడు, వాళ్లు ఫారం వెనక్కి తీసుకున్నారు. “నేను పుట్టింది గుమ్మిడిపూండిలోనే. మావాళ్లు ఏ దేశం నుంచి పారిపోయి వచ్చారో ఆ దేశం నేనింతవరకు చూడలేదన్నా” అని చెప్పి, బ్లేడు తీసుకుని మళ్లీ పుట్టీ గీకడం మొదలుపెట్టాడు.

అతను పుట్టింది 1994లో. మన చట్టం ప్రకారం 1987 జూలై 1కి ముందు ఈ గడ్డ మీద పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 1986లో మండపం క్యాంపులో పుట్టిన ఒక మహిళ ఈ నిబంధన పట్టుకునే మద్రాసు హైకోర్టు మదురై బెంచికి వెళ్లింది. పాస్‌పోర్టు ఇవ్వమని కోర్టు 2022లో చెప్పింది. 2024 ఏప్రిల్ 19న తిరుచ్చి కొట్టపట్టు క్యాంపు నుంచి వెళ్లి ఆమె మొదటిసారి ఓటు వేసింది. ఆమె ఎవరి దయా కోరలేదు, పుట్టిన తేదీ చూపించింది. అదే క్యాంపులో ఏడాదిన్నర ఆలస్యంగా పుట్టిన మనిషికి మాత్రం ఆ దారి లేదు. ఇద్దరూ తాగింది ఒకే కుళాయి నీళ్లు.

తమిళనాడు ప్రభుత్వాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మిగతా రాష్ట్రాలతో పోలిస్తే అది చేసింది ఎక్కువే. 2021 ఆగస్టులో 317 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది, ఏడు వేలకు పైగా ఇళ్లు కట్టిస్తామంది. నెలనెలా ఇచ్చే డబ్బు కుటుంబ పెద్దకు 1,500, మిగతా పెద్దలకు 1,000, పిల్లలకు 500 రూపాయలకు పెంచింది. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఇంటికి 3,500 రూపాయలు. వందకు పైగా క్యాంపుల్లో సుమారు 58 వేల మంది ఈ డబ్బు కోసం చూస్తారు. క్యూ బ్రాంచ్ (రాష్ట్ర ఇంటెలిజెన్స్ విభాగం) పోలీసుల నిఘా ఉంటుంది, తనిఖీ రోజు హాజరు వేయించుకోవాలి. అయితే పౌరసత్వం రాష్ట్రం చేతిలో లేదు. కేంద్రం చేతిలో ఉంది. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ ఉన్నాయి, శ్రీలంక లేదు. 2025 సెప్టెంబరులో కేంద్రం ఒక వెసులుబాటు ఇచ్చింది. 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులను పాస్‌పోర్టు, వీసా లేవని శిక్షించరు. జైలు భయం పోయింది, మంచిదే. ఆ గడిలో ఏం రాయాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

కాగితం ఇవ్వకూడదనే అవతలి వాదన తేలిగ్గా తీసేయదగ్గదేమీ కాదు. శ్రీలంక తమిళ తీవ్రవాదులు రాజీవ్ గాంధీని హత్య చేసిన శ్రీపెరుంబుదూరు మాకు దూరమేమీ కాదు, ఆ రాత్రి తర్వాత ఈ ఊళ్లో అనుమానం ఎంత పెరిగిందో పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 140 కోట్ల మందితోనే సతమతమవుతున్నాం, ఈ దేశం ధర్మశాల కాదని 2025 మేలో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒక శ్రీలంక తమిళుడి కేసులోనే అంది. శరణార్థుల గురించిన 1951 ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు కూడా. కానీ భద్రత గురించి బెంగ ఉన్నవాళ్లే అందరికంటే ముందు కాగితం అడగాలి. పేరు, ఊరు, పని, జీతం అన్నీ రికార్డులో ఉన్న మనిషి వల్లే దేశానికి నిశ్చింత. ధర్మశాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మన సత్రాల్లో అడుగుపెట్టగానే గుమస్తా చేసే మొదటి పని రిజిస్టరు తెరిచి పేరు రాసుకోవడం. విస్తరి వేసేది ఆ తర్వాతే.

ప్రపంచం మొత్తం మీద చూసినా ఇదే కథ. 2024 చివరికి యుద్ధాలు, హింస వల్ల ఇల్లు వదిలినవాళ్లు 12 కోట్ల 32 లక్షల మందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. అందులో 7 కోట్ల 35 లక్షల మంది తమ దేశంలోనే ఇంకోచోట తలదాచుకున్నవాళ్లు. 2023 ఏప్రిల్‌లో మొదలైన సుడాన్ యుద్ధం ఒక్కటే కోటి ఇరవై లక్షల మందికి పైగా జనాన్ని కదిలించింది. అక్కడ ఊరివాళ్లే కమిటీలుగా ఏర్పడి వీధి వంటశాలలు నడిపారు. 2025లో అమెరికా తన సహాయ సంస్థను మూసేసినప్పుడు అలాంటి వంటశాలలు వందలకొద్దీ పొయ్యి ఆర్పేశాయి. దాత మనసు మారితే ఆగిపోయేది రేషన్. 2022 మార్చిలో యూరప్ దేశాలు ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లకు ఉండటానికి, పని చేసుకోవడానికి ఒకేసారి అనుమతి కాగితం ఇచ్చాయి. వాళ్లలో లక్షల మంది తమ కూడు తాము సంపాదించుకున్నారు.

ఇది కొత్తగా కనిపెట్టిందీ కాదు. నార్వేకు చెందిన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రష్యా కరువులో లక్షల మందికి తిండి చేర్చిన మనిషి. తిండి ఒక్కటే చాలదని అర్థమైంది కూడా ఆయనకే. దేశం లేనివాళ్ల కోసం 1922లో ఒక ప్రయాణ పత్రం తయారు చేయించాడు. దాన్ని నాన్సెన్ పాస్‌పోర్టు అన్నారు. యాభైకి పైగా దేశాలు దాన్ని ఒప్పుకున్నాయి. ఆ కాగితం పట్టుకుని మనుషులు పనున్నచోటికి వెళ్లిపోయారు. నూరేళ్ల కిందటే ఆ పని జరిగింది.

శ్రీలంక, సుడాన్ మాటలు పక్కన పెట్టి మన గోదావరి దగ్గరకు వద్దాం. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అక్కడే. భద్రాచలం, ములుగు, చింతూరు అడవుల్లో గొత్తికోయ గిరిజనుల గూడేలున్నాయి. వీళ్లు వలస కూలీలని, అడవి నరికేవాళ్లని మన పత్రికల్లో చదువుతుంటాం. సాయుధ పోరు వల్ల ఇల్లు వదిలిన పౌరులని ఎక్కడైనా చదివారా? 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో సల్వాజుడుం మొదలయ్యాక మావోయిస్టులకూ సాయుధ దళాలకూ మధ్య నలిగిపోయి, వందలాది ఊళ్లు ఖాళీ చేసి, శబరి దాటి, గోదావరి దాటి వచ్చినవాళ్లు వాళ్లు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న తీర్పు రాసిన ధర్మాసనంలో మన తెలుగు న్యాయమూర్తి బి.సుదర్శన్‌రెడ్డి ఉన్నారు. తీర్పు వచ్చింది. ఊళ్లు వదిలినవాళ్లు మాత్రం అడవిలోనే ఉండిపోయారు.

వాళ్లకు సాయం అందలేదనడానికి లేదు. స్వచ్ఛంద సంస్థలు దుప్పట్లు ఇచ్చాయి, దోమతెరలు ఇచ్చాయి, కొన్ని గూడేలకు ఆధార్, రేషన్ కార్డులూ వచ్చాయి. కానీ ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగ అయిన మనిషి తెలంగాణలో అడుగుపెడితే ఆ హోదా పోతుంది. అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి సాగులో ఉండాలి. ఊళ్లు తగలబడటం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. ప్రాణం దక్కించుకుని పరిగెత్తేవాడు చట్టం పెట్టిన గడువు చూసుకుని పరిగెత్తుతాడా? అదే చట్టంలో అక్రమంగా వెళ్లగొట్టిన గిరిజనులకు పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి ఇవ్వాలనే సెక్షన్ కూడా ఉంది. అధికారులు దాని జోలికి పెద్దగా వెళ్లడం లేదు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో అటవీ రేంజ్ అధికారి గొత్తికోయల దాడిలో దారుణంగా హత్యకు గురయ్యాడు. చేసినవాళ్లకు శిక్ష పడాల్సిందే. కానీ ఆ కోపంలో గూడెం గూడెమంతా వెళ్లిపోవాలని పంచాయతీ తీర్మానం చేసింది. కాగితం లేని మనుషుల్ని వెళ్లగొట్టడానికి ఒక్క తీర్మానం చాలు.

సొంత దేశంలోనే నిర్వాసితులైనవాళ్ల గురించి ఐక్యరాజ్యసమితి 1998లో 30 మార్గదర్శక సూత్రాలు తెచ్చింది. అందులో ఇరవయ్యోది సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. వాళ్లకు జనన ధ్రువీకరణ, వివాహ ధ్రువీకరణ, గుర్తింపు పత్రాలు అధికారులే ఇవ్వాలి, పోగొట్టుకున్నవి తేవడానికి పాత ఊరికి వెళ్లిరమ్మని అనకూడదు. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ అధికారులు కలిసి కూర్చుని, ఒక రాష్ట్రంలో గిరిజనుడైన మనిషిని పక్క రాష్ట్రంలోనూ గిరిజనుడిగా చూసే ఏర్పాటుకు కేంద్రాన్ని ఒప్పిస్తే చాలు.

ఫిబ్రవరి, మార్చిలో మిర్చి కోతలు జోరు మీద ఉంటాయి. ఆ రెండు నెలలూ గొత్తికోయ కుటుంబాలు పిల్లలతో సహా చేలగట్ల మీదే పడుకుంటాయి, వాళ్లను వెతుక్కుంటూ అడవిలోకి పోనక్కర్లేదు. రెవెన్యూ సిబ్బంది ఒక టేబుల్, ఒక రిజిస్టరు పట్టుకుని కల్లం దగ్గరకు వెళ్లవచ్చు. చంకలో బిడ్డను పెట్టుకుని కాయ కోస్తున్న తల్లిని ఆ బిడ్డ ఎక్కడ పుట్టిందో అడిగి, ఆ గూడెం పేరు, తేదీ రాసి, సంతకం పెట్టి, ఆ కాగితం ఆమె చేతికి ఇచ్చి రావచ్చు.