షరతులు పెడితే ఇల్లు చేజారుతుందా?

డల్లాస్ పక్కన ప్లేనోలో, అద్దెకివ్వడానికని అక్కాతమ్ముళ్లు కలిసి ఒక పాత ఇల్లు చూశారు. అడుగుతున్న ధర 4 లక్షల డాలర్లు. అందులో ఇప్పటికే ఒక కుటుంబం అద్దెకుంటోంది. ఆదివారం రాత్రిలోగా ఆఫర్ ఇవ్వాలి.

తమ్ముడు: అక్కా, ఇంకో ముగ్గురు ఆఫర్ ఇస్తున్నారట. ఇన్‌స్పెక్షన్ చేయించాలి, లోన్ రావాలి అంటూ మనం చిట్టా విప్పితే మన కాగితం పక్కన పడేస్తారు. కిందటి ఇల్లు అలాగే పోయింది. ఈసారి షరతులన్నీ తీసేద్దాం.

అక్క: పోతే ఇంకోటి దొరుకుతుందిరా. వెనక గదిలో కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పగులుంది, చూశావా? పక్క తలుపు గడియ పడలేదు, మూడుసార్లు లాగి చూశాను. ఇక్కడి బంకమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. పునాది కదిలిందేమోనని నా భయం.

తమ్ముడు: పాతింటికి పగుళ్లుండవా? అద్దె బాగా వస్తోంది కదా.

అక్క: వస్తోందని అమ్మేవాళ్ల ఏజెంట్ అన్నాడు. లీజు కాగితం నువ్వు చూశావా? మనం కొన్నా ఆ లీజు గడువు దాకా నడుస్తుంది. వాళ్ల డిపాజిట్ తిరిగివ్వాల్సిన బాధ్యతా మన మీదే పడుతుంది. అద్దె ఎంత, బాకీ ఉందా, డిపాజిట్ ఎంత కట్టారు, ఇవన్నీ అద్దెకున్నవాళ్లే రాసి సంతకం పెట్టివ్వాలి. మనం కొంటున్నదే ఆ అద్దె కోసం. ఈ షరతు నేను వదలను.

తమ్ముడు: పోనీ, అప్రైజల్ షరతైనా, అంటే బ్యాంకు కట్టించే విలువ మన ధర కంటే తక్కువ తేలితే తప్పుకునే వీలైనా, తీసేద్దాం.

అక్క: లెక్క వేసి చూడు. మనం చేతి నుంచి పెట్టేది 25 శాతం, అంటే లక్ష డాలర్లు; మిగతా 75 శాతం బ్యాంకు లోన్. ఇంటి విలువ 3 లక్షల 80 వేలే అని తేలితే బ్యాంకు ఇచ్చేది అందులో 75 శాతం, 2 లక్షల 85 వేలు. ఇంకో 15 వేలు ఎక్కడి నుంచి తెస్తాం? తేలేకపోతే ఎర్నెస్ట్ మనీ, అదే మన బయానా, పోయినట్టే.

తమ్ముడు: అయితే ఒక పని చేద్దాం. టెక్సస్‌లో ఆప్షన్ పీరియడ్ ఉందిగా. కొంత ఫీజు కడితే, ఒప్పుకున్న రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు. ఫీజు పోతుంది కానీ ఎర్నెస్ట్ మనీ వెనక్కొస్తుంది. పది రోజులు అడిగే బదులు నాలుగే అడిగి, ఫీజు పెంచుదాం. అమ్మేవాళ్లకీ టెన్షన్ తగ్గుతుంది.

అక్క: ఇది బాగుంది. పాత డిష్‌వాషర్, కుళాయిల రిపేర్లు అడగొద్దు, అవి మనమే చేయించుకుందాం. లోన్, అప్రైజల్ షరతులు మాత్రం ఉండాలి. నాలుగో రోజు సాయంత్రం 5 గంటలకే గడువు అయిపోతుంది, అర్ధరాత్రి దాకా ఉండదు. పునాది చూసే ఇంజినీర్‌కి ఇప్పుడే ఫోన్ చెయ్. ఆయన ఏ రోజు వస్తాడో తేలాకే సంతకం పెడదాం.