‘మంచి ఇల్లాలు’ పేజీ నకిలీది, మిగతా బొమ్మలు ప్రకటనలు

మళ్లీ అదే ఫార్వర్డ్. బంధువుల గ్రూపులో ఒకసారి, కాలేజీ స్నేహితుల గ్రూపులో ఒకసారి, అపార్టుమెంటు గ్రూపులో ఇంకోసారి. "1950ల అమెరికా చూడండి. ఒక్క మగవాడి జీతంతో ఇల్లు, కారు. విడాకుల మాటే లేదు. అంతా ఇంటి వంట. పిల్లలు భయం లేకుండా వీధుల్లో ఆడుకునేవారు. దైవభక్తి నిండుగా ఉండేది" అని రాసి, సాక్ష్యంగా పాత పత్రికల పేజీలు ఆరు అతికించారు. ఆరోది ‘హౌస్‌కీపింగ్ మంత్లీ, 13 మే 1955’ అని ఉన్న ‘మంచి ఇల్లాలికి సూచనలు’. దాని కింద ఎవరో తెలుగులో ఒక ముక్క చేర్చారు: "అమెరికా ఆడవాళ్లే ఇలా ఉంటే మన కోడళ్లకేమొచ్చింది?"

ఆ ఒక్క ముక్క లేకపోతే చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. అందుకే చివరి బొమ్మతోనే మొదలు.

అది నకిలీ. తారీఖు దగ్గరే దొరికిపోతుంది. మాసపత్రిక మీద నెల, సంవత్సరం వేస్తారు. రోజు కూడా వేసేది వారపత్రికలు. పేరులోనే ‘మంత్లీ’ అని పెట్టుకున్న పత్రికకి మే 13 ఎందుకు? ఇక బొమ్మ. పొయ్యి దగ్గర ఇల్లాలు, అప్పుడే ఇంటికొస్తున్న భర్త. అది అసలు అమెరికా బొమ్మే కాదు, ‘జాన్ బుల్’ అనే బ్రిటన్ వారపత్రిక 1957లో వేసిన ముఖచిత్రం. 1957 నాటి బొమ్మ 1955 నాటి పేజీలోకి ఎలా వచ్చింది? భర్త వచ్చేలోగా 15 నిమిషాలు నడుం వాల్చి జుట్టుకి రిబ్బన్ కట్టుకోమని, అతను రాత్రంతా రాకపోయినా నిలదీయొద్దని, మంచి భార్యకి తన స్థానమేమిటో తెలుసని చెప్పే ఆ రాతని ఈమెయిళ్ల రోజుల నుంచీ అటూ ఇటూ తిప్పుతున్నారు. దాన్ని పట్టుకుని ఇప్పుడు మన ఇళ్లలో ఆడపిల్లలకి పాఠాలు చెబుతున్నారు.

అప్పటి అసలు పత్రికల్లో స్త్రీలకి ఇలాంటి హితబోధలు లేవా అంటే, ఉన్నాయి. కాకపోతే వాటి పక్కనే ఇంకేమున్నాయో కూడా చూడాలి. ‘లేడీస్ హోమ్ జర్నల్’ 1953లో ‘ఈ కాపురం నిలబడుతుందా?’ అన్న అర్థం వచ్చే శీర్షిక మొదలుపెట్టింది. ముందు భార్య గోడు, తర్వాత భర్త వాదన, చివర సలహాదారు మాట. అందరూ చిలకా గోరింకల్లా ఉంటే ఆ శీర్షికకి సరుకు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? 1970 మార్చిలో వందమందికి పైగా స్త్రీలు అదే పత్రిక ఆఫీసుకి వెళ్లి, ఆడవాళ్ల పత్రికకి మగ సంపాదకుడెందుకని అడుగుతూ పదకొండు గంటలు బైఠాయించారు. ఆ ఏడాది ఆగస్టు సంచికలో ఎనిమిది పేజీలు వాళ్ల రాతలకి ఇవ్వక తప్పలేదు.

అన్నిటికన్నా ఘోరం లైసాల్ ప్రకటనలు. మన ఇళ్లలో నేల తుడవడానికి లైజాల్ పేరుతో దొరికే బ్రాండే అది. ఆ రోజుల్లో అందులో క్రెసాల్ అనే, ఒంటిని కాల్చే రసాయనం ఉండేది. భర్త ముఖం చాటేస్తున్నాడంటే తప్పు నీ ఒంటిదేనని, లైసాల్ నీళ్లతో జననాంగం లోపల శుభ్రం చేసుకోమని స్త్రీల పత్రికల్లో పేజీలకి పేజీలు వేశారు. గర్భనిరోధకాల గురించి బాహాటంగా చెప్పడానికి చట్టాలు అడ్డుగా ఉన్న కాలం కాబట్టి చాలామంది దాన్ని గర్భం రాకుండా వాడేదిగా కూడా అర్థం చేసుకున్నారు. లోపలి పొరలు కాలిపోయినవాళ్లున్నారు, చనిపోయినవాళ్లున్నారు. ఆదర్శ గృహిణి బొమ్మ ఉన్న పత్రికల్లోనే ఇవీ ఉన్నాయి. ఫార్వర్డ్ చేసినవాళ్లకి ఆ పేజీ ఒక్కటీ ఎందుకు కనపడలేదు?

మిగతా అయిదు బొమ్మలూ ప్రకటనలే. ఫ్రిజ్ తలుపు తీసి నవ్వుతున్న కుటుంబం, కొత్త కారు చుట్టూ పిల్లలు. కంపెనీ పేరు, ‘మీ డీలర్‌ని అడగండి’ అన్న వరుస పేజీ అడుగున ఉంటాయి. ఇక్కడ సరిగ్గా ఆ అడుగు భాగమే కత్తిరించారు. ప్రకటనని సాక్ష్యం అనుకుంటే, 1946 నుంచి వచ్చిన క్యామెల్ ప్రకటన చూసి డాక్టర్లు ఎక్కువమంది తాగే సిగరెట్ అదేనని కూడా నమ్మాలి. పాత పేజీ చేతికొస్తే పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు అడగండి. ‘లైఫ్’ వారపత్రిక 1936 నుంచి 1972 దాకా గూగుల్ బుక్స్‌లో ఉచితంగా ఉంది. సంచిక తెరిచి ఆ పేజీకి ముందూ వెనకా నాలుగు పేజీలు తిప్పితే చాలు. పేరూ తేదీ ఇవ్వలేనివాళ్ల దగ్గర ఆ పేజీ అసలు లేనట్టే.

విడాకులు. ఇక ఫార్వర్డ్‌లోని మాటల్లో ఇది మొదటిది. అమెరికాలో 1946లో ఏడాదికి వెయ్యిమంది జనాభాకి 4.3, 1950లో 2.6. మరి 2022లో? 2.4. పైగా ఆ 2.6 కూడా చట్టాలు బిగించి ఉన్నప్పటిది. న్యూయార్క్‌లో 1966లో చట్టం మార్చేదాకా విడాకులకి వ్యభిచారం ఒక్కటే కారణం. డబ్బున్నవాళ్లు చట్టం సులువుగా ఉన్న నెవాడా రాష్ట్రంలోని రీనోకి వెళ్లి, ఆరు వారాలు మకాం వేసి, విడాకుల కాగితంతో తిరిగొచ్చేవారు. లేనివాళ్లు దెబ్బలు తింటూనో, ఇల్లు వదిలి పారిపోయో బతికారు. తప్పు నిరూపించనక్కరలేని విడాకులు మొదట కాలిఫోర్నియాలో, 1970 జనవరి 1 నుంచి.

ఇంటి వంట అట. బెట్టీ క్రాకర్ అనే ఆవిడ ఈ భూమ్మీద లేదు, 1921లో ఒక పిండి కంపెనీ కల్పించిన పేరు. 1955లో క్యాంబెల్ సూప్ కంపెనీ వంటశాలలో పుట్టిన బీన్స్ క్యాసరోల్ (ఓవెన్‌లో వండే కూర) ఇప్పటికీ థాంక్స్‌గివింగ్ పండగ బల్ల మీద ఉంటుంది. ఉడికిన బీన్స్ 4 కప్పులు, పుట్టగొడుగుల సూప్ డబ్బా ఒకటి, అరకప్పు పాలు, చెంచా సోయా సాస్, డబ్బాలో వచ్చే వేయించిన ఉల్లిపాయలు. 350 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 25 నిమిషాలు. కొంత ఉల్లి విడిగా ఉంచుకుని చివరి అయిదు నిమిషాల్లో పైన చల్లాలి, మొత్తం ముందే కలిపేస్తే మెత్తబడిపోతుంది. రుచిగానే ఉంటుంది, కాకపోతే సగం సరుకు డబ్బాలది. అవ్వ చేతి వంట అంటూ మెచ్చుకునే బిస్కెట్లలో, ‘పై’ అనే పిండివంటల్లో పడింది క్రిస్కో. 1911లో పత్తిగింజల నూనెకి హైడ్రోజన్ పట్టించి గడ్డకట్టించినది. మన డాల్డా ఆ పద్ధతిలోనిదే.

దైవభక్తి: ‘దేవుణ్ణి నమ్ముతాం’ అన్నది దేశ నినాదమైంది 1956లో. ప్రతిజ్ఞలో దేవుడి మాట చేర్చింది 1954లో. అనాది ఆచారం కాదు.

వీధుల్లో ఆడుకున్న పిల్లలు: 1952లో సుమారు 58,000 పోలియో కేసులు, మూడువేలకి పైగా మరణాలు. వేసవి వస్తే తల్లులు పిల్లల్ని ఈతకొలనుల వైపు పోనివ్వలేదు. టీకా 1955లో వచ్చింది.

ఒక్క జీతంతో ఇల్లు. ఇందులో నిజం ఉంది, ఒప్పుకోవాల్సిందే. లాంగ్ ఐలండ్‌లోని లెవిట్‌టౌన్‌లో 1949 నాటి ఇల్లు 7,990 డాలర్లు. 1950లో మధ్యస్థ కుటుంబ ఆదాయం 3,300 డాలర్ల చిల్లర. రెండున్నరేళ్ల ఆదాయంతో సొంత ఇల్లు. ఈ రోజు అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుర్రాళ్లకి ఆ లెక్క కలలో కూడా రాదు, ఆ బాధ న్యాయమైనదే. అయితే ఆ ఇల్లు ఎంత? 800 చదరపు అడుగులు, రెండు పడకగదులు, ఒక బాత్రూమ్, పూర్తికాని అటక. అది చేతికొచ్చింది కూడా భార్య వంటగదిలో ఉన్నందుకు కాదు. 1944 చట్టం మాజీ సైనికులకి ప్రభుత్వ హామీతో అప్పిప్పించింది. కార్మికుల్లో మూడోవంతు యూనియన్లలో ఉన్నారు. అప్పటికే స్త్రీలలో మూడోవంతు ఉద్యోగాల్లోనో, వాటి వేటలోనో ఉన్నారు. ఇదే 1950 జనగణనలో మూడోవంతుకి పైగా ఇళ్లలో వేడినీళ్లు, స్నానపుతొట్టి, లోపల టాయిలెట్ మూడూ కలిసి లేవు.

లెవిట్‌టౌన్ తొలి ఒప్పందాల్లో ఒక షరతు కూడా ఉంది. శ్వేతజాతీయులు కానివాళ్లు, ఇంటి పనివాళ్లు తప్ప, అక్కడ ఉండకూడదు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక కూడా ఆ ఊరు కట్టిన బిల్డర్ లెవిట్ నల్లవారికి ఇళ్లు అమ్మలేదు. మనవాళ్లకి 1946 దాకా అమెరికా పౌరసత్వానికే అర్హత లేదు. ఆ తర్వాత భారతదేశం మొత్తానికి వలస కోటా ఏడాదికి 100 మంది. తెలుగువాళ్లకి కాదు, దేశం మొత్తానికి. ఆ కోటా పద్ధతిని ఎత్తేసిన చట్టం మీద సంతకం పడింది 1965 అక్టోబరు 3న. డాలస్‌లో, న్యూజెర్సీలో సొంత ఇంట్లో కూర్చుని ఈ మెసేజ్ పంపుతున్నవాళ్లు తమ వీసా ఏ చట్టం కింద వచ్చిందో ఒక్కసారి చూసుకోండి. ‘మన కోడళ్లకేమొచ్చింది’ అన్న ఆ ముక్కని ఈ రోజే తీసేయండి.