కంపెనీల రిజిస్టరుకు ఓ అట్టపెట్టెలవాడి ఉత్తరం

మహారాజశ్రీ కంపెనీల రిజిస్టరు గారి సముఖమునకు,

గుంటూరులో అట్టపెట్టెలు చేసుకుని బతికే నేను సవినయంగా వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పెద్దలు నేర్పిన పద్ధతి. తమరు కుశలమేనని వెబ్‌సైట్ చూస్తే తెలుస్తూనే ఉంది. నా కుశలం సంగతి ఈ మధ్యాహ్నం లాయరు గారి గదిలో తేలిపోయింది.

పచ్చళ్లు ఎగుమతి చేసే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ నాకు నాలుగు లక్షల చిల్లర బాకీ. మా పెట్టెలు గోంగూరనూ మాగాయనూ మోసుకుని అమెరికా చేరాయి. వాటి డబ్బు మాత్రం ఊళ్లోనే ఉండి నాదాకా రాలేదు. సంక్రాంతికి అన్నారు, ఉగాదికి అన్నారు. ఇక లాభం లేదని బిల్లులు, డెలివరీ చలాన్లు, బ్యాంకు నుంచి తిరిగొచ్చిన చెక్కు ఫైలులో పెట్టుకుని వెళ్లాను. భోజనాల వేళ దాటిపోయాక లోపలికి పిలిచి, లాయరు గారు తమరి పేజీ తెరిచి స్క్రీను నావైపు తిప్పారు. కంపెనీ పేరు ఉంది, చిరునామా ఉంది. స్టేటస్ దగ్గర 'స్ట్రైక్ ఆఫ్' అని ఉంది, అంటే తమరి పుస్తకంలోంచి పేరు కొట్టేశారని.

"మీరు దావా వేయాలనుకుంటున్న మనిషి లేడండీ" అన్నారాయన, పరామర్శకు వచ్చినవాడి గొంతుతో.

లేకపోవడమేమిటి! ఆ కంపెనీ డైరెక్టరు పోయిన వారం కూడా కొత్త కారులో మా షెడ్డు ముందు నుంచే వెళ్లాడు.

తమరి అధికారాన్ని ప్రశ్నించేంత వాణ్ని కాను. వరుసగా రెండు ఆర్థిక సంవత్సరాలు వ్యాపారం చేయకుండా, కనీసం డార్మంట్, అంటే నిద్రాణ కంపెనీ హోదా అయినా అడగకుండా పడి ఉన్న కంపెనీ పేరు కొట్టేయవచ్చని 2013 కంపెనీల చట్టం 248వ సెక్షన్ చెబుతోంది. 2017లో, నోట్ల రద్దు వేడి చల్లారకముందే, 2.26 లక్షల పేర్లు అలా కొట్టేస్తే కాగితం మీద మాత్రమే ఉండే షెల్ కంపెనీల పీడ విరగడైందని దేశం చప్పట్లు కొట్టింది. ఆ జాబితాల్లో ఎవరు ఎవరికెంత బాకీ అన్న గడి ఒక్కటి లేదు, అంతే.

చెప్పకుండా చేశారని కూడా అనను. గెజిట్‌లో వేస్తారు, వెబ్‌సైట్‌లో పెడతారు, ఒక ఇంగ్లిషు పత్రికలోనూ ఒక తెలుగు పత్రికలోనూ ప్రకటిస్తారు. అభ్యంతరాలకు 30 రోజుల గడువు. తప్పు గెజిట్ చదవకుండా కాఫీ తాగే మాలాంటి వాళ్లదే. ఆదాయపు పన్ను శాఖవారు మాత్రం ఏ పత్రికా వెతుక్కోనక్కరలేదు. ఫలానా కంపెనీ పేరు కొట్టేయబోతున్నాం, మీకేమైనా అభ్యంతరమా అని వాళ్లకు విడిగా తెలియజేయాలని తమ నిబంధనల్లోనే ఉంది. అలాంటి కార్డు ముక్క నాకూ ఒకటి పడేస్తే ఏం పోయేది? చిరునామా తెలియదనకండి. ప్రతి బిల్లూ జీఎస్టీ రిటర్నులో ఎక్కించాను. కొన్నవాడి నంబరు, అమ్మిన నా నంబరు పక్కపక్కనే ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. రాని డబ్బు మీద పన్ను కూడా కట్టేశాను.

ఇంకొక ముచ్చట. పేరు కొట్టేసే ముందు, కంపెనీ తీర్చవలసిన బాకీలకు తగిన ఏర్పాటు ఉందని రిజిస్ట్రారు సంతృప్తి చెందాలట. చెందే ఉంటారు. ఏం చూసి చెందారో చెబితే నేనూ చూసి కొంచెం సంతృప్తి చెందుతాను.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీ రద్దయినా డైరెక్టర్ల బాధ్యత, సభ్యుల బాధ్యత ఎప్పటిలాగే ఉంటుందని అదే సెక్షన్‌లో రాసి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. లాయరు గారు నవ్వారు. "ఉంటుందండీ. కానీ పెట్టెలు కొన్నది కంపెనీ, ఆయన కాదు. లిమిటెడ్ కదా, మోసం నిరూపిస్తే తప్ప ఆయన సొంత ఆస్తి మీదికి వెళ్లడం కష్టం. 252వ సెక్షన్ కింద కంపెనీల వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్‌కు వెళ్లి, ఆ కంపెనీ పేరు మళ్లీ రిజిస్టరులో ఎక్కించుకోవడం మంచిది. తర్వాత దావా వేద్దాం."

అంటే వాడి కంపెనీని నేను బతికించాలి. నా ఖర్చుతో. వాడు చంపుకున్నదాన్ని.

సావిత్రి యముడి వెంట పడింది మొగుడి ప్రాణం కోసం. నేను పడవలసింది బాకీదారు ప్రాణం కోసం. ఆవిడకు లాయరు ఫీజు లేదు, అఫిడవిట్లు లేవు, వాయిదాలు లేవు. పైగా బతికి లేచినవాడు ఆవిడతో ఇంటికి వచ్చాడు. నావాడు లేచి, జవాబు దాఖలు చేయడానికి గడువు అడుగుతాడు. కంపెనీ ఏటా తమరికి వేయవలసిన రిటర్నుల్లో పెండింగువన్నీ వేయాలని ట్రిబ్యునల్ షరతు పెడితే వాటి మీద సంతకం ఎవరు పెడతారు? నాకు ఫోను ఎత్తనివాడు పెడతాడా?

ఈ పునర్జన్మకు చట్టం ఇచ్చిన గడువు 20 ఏళ్లు. అప్పు ఇచ్చినవాడు గెజిట్ ప్రకటన నుంచి 20 ఏళ్లలోపు ఎప్పుడైనా వెళ్లవచ్చు. అమ్మిన సరుకు డబ్బు కోసం దావా వేయడానికేమో మూడేళ్లే. అందులో మిగిలింది కొన్ని నెలలు. ఆ కంపెనీ పేరును మరొకరు పెట్టుకోకుండా కూడా తమరు 20 ఏళ్లు కాపాడతారని విన్నాను. ఎంత గౌరవం!

కంపెనీని తనంతట తానే మర్యాదగా మూసేద్దామనుకున్నవాడి గతి చూడండి. పది వేల ఫీజు, తర్వాత ఏ నష్టమొచ్చినా భరిస్తామనే ఇండెమ్నిటీ బాండు, అఫిడవిట్లు, ఆడిటరు ధ్రువీకరించిన లెక్కలు, ముందుగా బాకీల చెల్లింపు. ఆలస్యమైన రిటర్నులకు ఒక్కో ఫారానికి రోజుకు వంద. మావాడు ఇవేవీ పెట్టుకోలేదు. కాగితాలు వేయడం మానేసి కూర్చున్నాడు. తమరే పైసా పుచ్చుకోకుండా పని పూర్తి చేసి పెట్టారు. శిక్షంటారా, మూడేళ్లు వరుసగా రిటర్నులు వేయకపోతే ఐదేళ్లు డైరెక్టరుగా పనికిరాడు. వాడి బావమరిది భేషుగ్గా పనికొస్తాడు.

చిన్న సంస్థ దగ్గర సరుకు కొంటే 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006 నుంచీ చట్టం ఉంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల మీద చక్రవడ్డీ. లెక్క వేశాను, మంచి మొత్తమే వచ్చింది. కాగితం మీద.

రిజిస్టరూ, ఇక తమరూ గిమరూ నావల్ల కాదు. నువ్వు పేరు కొట్టేస్తే వాడి వెంట్రుక కూడా కదల్లేదు. క్రాఫ్ట్ పేపరు మిల్లుకు డబ్బు నేను కట్టాను. ఓవర్‌డ్రాఫ్ట్ మీద వడ్డీ నేను కడుతున్నాను. మా షెడ్డులో పెట్టెలు అంటించే ఆడవాళ్లకు దసరా బోనసు సగమే ఇచ్చి తల దించుకున్నది నేను. నాది ప్రొప్రయిటర్‌షిప్, ఒక్కడి సొంత వ్యాపారం. కొట్టేయడానికి నీ దగ్గర నా పేరే లేదు. నేను పోవాలంటే నిజంగానే పోవాలి.

లాయరు గారి దగ్గర నుంచి వచ్చేసరికి ఫోను మోగింది. కొత్త పచ్చళ్ల కంపెనీ అట. అదే వీధి, అదే మేనేజరు, పేరులో ఒక మాట తేడా. ఫైవ్ ప్లై, అంటే ఐదు పొరల పెట్టెలకు రేటు అడిగాడు. డబ్బు ముందు కడితేనే సరుకు అన్నాను. నొచ్చుకున్నాడు.

"అదేమిటండీ, కొత్త కంపెనీ కదా, మొదటి రెండు లోడ్లు అరువివ్వరా? మనకు పాత పరిచయం కూడా ఉందాయె."

ఇట్లు,
నీ పుస్తకంలో ఎక్కడా లేని
అట్టపెట్టెలవాడు